ఎడమ కాలితో పనిలేని కారు

మా నాన్న గుంటూరులో ఒక పొగాకు వ్యాపారి దగ్గర డ్రైవరు. ఆ వ్యాపారికి పాత అమెరికా కారు ఒకటి ఉండేది. పడవంత పొడవు. ముందు సీటు బల్లలా ఒకటే, ముగ్గురు హాయిగా కూర్చోవచ్చు. దానికి క్లచ్ లేదు, చేత్తో మార్చే గేర్లు లేవు. స్టీరింగు కింద చిన్న పుల్ల ఒకటి ఉండేది. దాన్ని ముందుకెళ్ళే గీత దగ్గర పెట్టి బ్రేకు మీద నుంచి కాలు తీస్తే చాలు, కారు దానంతటదే కదిలేది. గేర్ల సంగతి లోపల అదే చూసుకునేది. వ్యాపారి కొత్త కారు కొన్నాక, పాతవాటిలో నీకేది కావాలో తీసుకెళ్ళమని నాన్నతో అన్నాడు. పక్కనే మంచి అంబాసిడర్ ఉంది. ఏ ఊళ్ళో ఆగిపోయినా బాగుచేసేవాడు దొరికే బండి. నాన్న దాన్ని వదిలేసి ఈ పెట్రోలు తాగుబోతును ఇంటికి తోలుకొచ్చాడు. బజారంతా నవ్వింది. ఆయన ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు.

నాకు చెప్పాల్సిన పని లేదు. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడిపోయింది. అది నన్ను మొయ్యదు. తొడ మీద చెయ్యి ఆనించి దాన్ని నేనే మోసుకుంటూ నడవాలి. ఆ కారుకు ఎడమ కాలితో పనిలేదు.

నల్లపాడు నుంచి పేరేచర్ల వైపు వెళ్ళే రోడ్డు మీద, పత్తి మిల్లుల గోడల వెంట నాన్న నాకు డ్రైవింగు నేర్పాడు. ఆయన నోరు చాలా పెద్దది. "ఒరేయ్, అది బ్రేకురా, పాము కాదు, అట్టా తొక్కుతావేంది!" అని అరిస్తే మిల్లు లోపలివాళ్ళు బయటికొచ్చి చూసేవాళ్ళు. కానీ నేను ఒంటరిగా మొదటిసారి కారు తిప్పుకొచ్చిన రోజున ఆయన రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర అటు తిరిగి నిలబడి, చాలాసేపు ముఖం తుడుచుకున్నాడు. లైసెన్సు ఎలా వచ్చిందని మాత్రం అడక్కండి.

నాన్న పోయాక కారూ, నల్లపాడులో రెండు గదుల ఇల్లూ, రేకుల షెడ్డూ నాకు మిగిలాయి. అమ్మ అంతకుముందే పోయింది. అక్కను చీరాలలో ఇచ్చారు. బావకు సప్లై కంపెనీ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, మైకు సెట్టు పెళ్ళిళ్ళకు అద్దెకు ఇస్తాడు. కారును ఊరేగింపులకు తిప్పుదామన్న ఆలోచన ఆయనదే. తొంభైల చివర్లో మా వైపు పెళ్ళంటే పూలు కట్టిన కారులో పెళ్ళికొడుకునూ పెళ్ళికూతురునూ కూర్చోబెట్టి, ముందు బ్యాండు మేళంతో ఊరంతా తిప్పాల్సిందే. మేళం ఎంత నెమ్మదిగా నడిస్తే కారూ అంత నెమ్మదిగా నడవాలి. కుర్రకారు రోడ్డు మధ్య గంతులేస్తుంటే ఆగాలి, వాళ్ళు రెండడుగులు జరిగితే తానూ రెండడుగులు జరగాలి. మామూలు కార్లయితే సగం తొక్కీ తొక్కని క్లచ్‌తో ఇంటికి చేరేసరికి పొగలు కక్కేవి. నా కారుకు ఆ బాధ లేదు. బ్రేకు మీద కుడికాలు కాస్త వదిలితే కదిలేది, కాస్త ఆనిస్తే ఆగేది. పిడుగురాళ్ళ నుంచి ఒంగోలు దాకా నన్నే కావాలనేవాళ్ళు. నన్ను అంటే, కారును.

ఆ కారులో కూర్చుంటే నాకున్న సుఖం ఇంకొకటి ఉంది. స్టీరింగు వెనక నా కాలు ఎవరికీ కనిపించేది కాదు. తెల్ల చొక్కా, దువ్వుకున్న జుట్టు, అంత పెద్ద కారు. ఊరి పిల్లలు నోరెళ్ళబెట్టి చూసేవాళ్ళు. ఆడపిల్లలు కూడా చూసేవాళ్ళు, ఎందుకు అబద్ధమాడాలి. అందుకే నేను పెళ్ళిళ్ళలో కారు దిగేవాణ్ణి కాదు. విస్తరి కారులోకే తెప్పించుకుని ఒళ్ళో పెట్టుకుని తినేవాణ్ణి. ఊరేగింపు ఉన్న రోజున పొద్దుట్నుంచీ మంచినీళ్ళు తక్కువ తాగేవాణ్ణి. తాగితే ఎక్కడో ఒకచోట దిగాల్సొస్తుంది. దిగి నాలుగడుగులు వేస్తే, అప్పటిదాకా నన్ను చూసిన కళ్ళలో వచ్చే మార్పు నాకు బాగా తెలుసు. నాకది అక్కర్లేదు.

అలా ఎన్ని పెళ్ళిళ్ళు చేశానో. అన్నిటిలోనూ ఉన్నాను, ఒక్కదానికీ వెళ్ళలేదు. అద్దంలో వెనక సీటు కనిపించేది. కొత్త జంట మొదట బిగుసుకుని కూర్చునేవాళ్ళు. రెండో వీధి దాటేసరికి ఒకరి చెయ్యి ఒకరికి తగిలేది. నాలుగో వీధిలో గుసగుసలు మొదలయ్యేవి. వాళ్ళకు నా మెడ వెనక భాగం తప్ప ఏమీ తెలియదు. నాకు సంబంధాలు చూడటం అక్క ఎప్పుడు మానేసిందో నాకు తెలుసు. ఒక ఏడాది నుంచి ఫోనులో "తిన్నావారా" అని తప్ప వేరే మాట అడగడం మానేసింది. ఆషాఢంలోనూ మూఢంలోనూ పని ఉండదు. ఆ రోజుల్లో క్రైస్తవుల పెళ్ళిళ్ళే నన్ను ఆదుకునేవి. అవీ లేనప్పుడు షెడ్డులో కారు తలుపు తీసుకుని ముందు సీట్లో పడుకునేవాణ్ణి. మిర్చి యార్డుకు మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, వెళ్ళే రోజుల్లో గాలి అటునుంచి వీస్తే తుమ్ములు వచ్చేవి. చిరంజీవ అనేవాళ్ళు లేక ఆ మాట కూడా నేనే అనుకునేవాణ్ణి.

కారు చచ్చిపోయింది పొదిలిలో. ఆ గేరుబాక్సులో ఎర్ర నూనె పోయాలి. అది ట్రాక్టరు సామాన్ల కొట్లో దొరికేది. ముసలితనం వచ్చి కొన్నాళ్ళుగా నూనె కారుతోంది. కారు ఎక్కడ ఆగితే అక్కడ కింద మిరపపండు రంగులో మరక పడేది. నేను ఒక డబ్బా ఎప్పుడూ డిక్కీలో ఉంచుకుని, తగ్గినప్పుడల్లా పోసేవాణ్ణి. ఆ రోజు పెళ్ళివారి పందిరి ముందు కారు ఆపి ఉంది. నేను లోపలే కూర్చుని ఉన్నాను. షామియానా వేయించడానికి వచ్చిన బావ కింద మరక చూసి బానెట్ లేపాడు. రేడియేటరులో నీళ్ళు పోస్తున్నాడనుకున్నాను. చుట్టూ ఆడవాళ్ళు పూల దండలు కడుతూ కూర్చున్నారు, దిగి చూడలేదు. బావ చేతులు తుడుచుకుంటూ కిటికీ దగ్గరికొచ్చాడు.

"నూనె తగ్గింది బామ్మర్దీ, నిండా పోశా. ఇంక ఒంగోలు దాకా చూడక్కర్లా."

"డిక్కీలో డబ్బా తీసినట్టు లేదే. ఏ నూనె పోశావు బావా?"

"ఎదురుగా కొట్లో కొన్నా. నంబర్ వన్ గేరాయిలు. చిక్కగా జున్నుపాలల్లే ఉందిలే."

"దాంట్లో గేరాయిలు పోస్తావేంది బావా!"

"గేరుబాక్సులో గేరాయిలు గాక ఆముదం పోస్తారా?" అన్నాడు బావ. ఆయన తప్పేమీ లేదు. లోకంలో ప్రతి గేరుబాక్సులోనూ పోసేది అదే. ఈ ఒక్క గేరుబాక్సే అలాంటిది కాదు.

అప్పటికే మేళం మొదలైంది. జంట వచ్చి కూర్చున్నారు. ఆపుదామంటే ముహూర్తం అన్నారు. మొదటి వీధి బాగానే నడిచింది. రెండో వీధిలో పుల్ల కదిపినా కారు ఆలోచించుకుని కదలడం మొదలుపెట్టింది. మూడో వీధిలో ఇంజను అరుస్తూనే ఉంది, చక్రాలు మాత్రం కదల్లేదు. పెళ్ళివాళ్ళు జీపు తెప్పించుకుని వెళ్ళిపోయారు. కారును పత్తి ట్రాక్టరుకు తాడుతో కట్టి లాక్కొచ్చాం. బావ దారి పొడవునా నా పక్కనే కూర్చున్నాడు.

గుంటూరు ఆటోనగర్‌లో మా కారు చూసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. నాన్న స్నేహితుడు, మాటకారి, చేస్తానన్న రోజుకు ఏ పనీ చేసిన పాపాన పోలేదు. ఆయన గేరుబాక్సు విప్పి లోపలి రేకులు నా చేతిలో పెట్టాడు. నల్లగా మాడి, గోటితో గీకితే పొడి రాలింది.

"ఇది లేవదు తమ్ముడూ. బొంబాయిలో ఎక్కడన్నా పాతది దొరికినా దానికీ ఇదే రోగం. వ్యాను గేరుబాక్సు ఒకటి పెట్టేద్దాం. క్లచ్ పెట్టి, గేర్ రాడ్డు పెట్టి ఇస్తా. ఇంక పదేళ్ళు చూడక్కర్లా."

"క్లచ్ ఎవరు తొక్కాలి?" అన్నాను.

ఆయన నా కాలి వైపు చూసి, వెంటనే పక్కనున్న డబ్బాలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

"డ్రైవర్ని పెడదాం," అన్నాడు బావ. "నువ్వు మారాజులాగా పక్కన కూర్చో. ఇన్నేళ్ళు కష్టపడింది చాల్లే."

నాకు ఒళ్ళు మండిపోయింది. కష్టపడ్డానని ఈయనతో ఎవరు చెప్పారు? పక్కన కూర్చోవడానికి నేనెందుకు? కొబ్బరిబోండాన్ని పెట్టినా పక్కన కూర్చుంటుంది. ఆ మాటే గట్టిగా అన్నాను. బావ తలొంచుకున్నాడు. పోనీ పక్క చక్రాలున్న స్కూటరు కొనిస్తానన్నాడు. ఆ స్కూటరు మీద వెళ్తే ముందు నా కాలు కనిపిస్తుంది, ఆ తర్వాత నేను కనిపిస్తాను. కారులో నేనొక్కణ్ణే కనిపించేవాణ్ణి. అది బావకు ఎలా చెప్పను? చెప్పలేదు.

వారం రోజులు షెడ్డులో కదలని కారుతో గడిపాను. దాన్ని అలాగే ఉంచితే తుప్పు పడుతుంది. మారిస్తే బతుకుతుంది, కానీ నాది కాకుండా పోతుంది. నాన్న ఉండి ఉంటే నాలుగు తిట్టి ఏదో ఒకటి తేల్చేవాడు. చివరికి మార్చమని నేనే మేస్త్రీకి కబురు పంపాను. ఒక షరతు పెట్టాను. క్లచ్ చేత్తో లాగేట్టు చెయ్యాలి.

ఆ పని జరిగినన్నాళ్ళూ రోజూ వెళ్ళి పాత టైరు మీద కూర్చున్నాను. ఆ ఇంజనుకూ ఆ గేరుబాక్సుకూ పుట్టుకలోనే పొత్తు లేదు. రెంటికీ మధ్య లావుపాటి ఇనప పలకను లేత్ మీద కోయించి బిగించారు. వ్యాను ఫ్లైవీలు, అదే ఇంజను వెనక తిరిగే బరువు చక్రం, తెచ్చి చిల్లులు మార్చారు. కింద తిరిగే పొడుగు షాఫ్టును కోసి అతికారు. కారు నేలకు గ్యాస్ కట్టరుతో కంత పెట్టి గేర్ రాడ్డు పైకి తీశారు. అంతవరకూ ఓర్చుకున్నాను. ఆ తర్వాత బ్రేకు పెడల్ దగ్గరికొచ్చారు. ఆ కారుకు బ్రేకు పెడల్ జానెడు వెడల్పు. చేత్తో లాగినా కింద క్లచ్ పెడల్ ఉండాల్సిందే, దానికి చోటు చాలడం లేదని మేస్త్రీ బ్రేకు పెడల్‌ను సగానికి కోశాడు. నా కుడికాలికి అరిగి నున్నబడ్డ ముక్క ఇసుకలో పడింది. లేచి రోడ్డు మీదికి వెళ్ళి నిలబడ్డాను. ఏడుస్తున్నానని తెలిసి చుట్టూ చూశాను. లారీలు తప్ప ఎవరూ లేరు.

చేతి క్లచ్‌కు పాత లారీ బ్రేకు కర్ర ఒకటి తెచ్చి కుడి తలుపు పక్కన బిగించి, కడ్డీతో పెడల్‌కు కలిపాడు. ఎడమ చేత్తో గేరు మార్చాలి కాబట్టి క్లచ్ కుడి చేత్తో లాగాలి. ఇంతా బిగించాక బావకు అనుమానం వచ్చింది.

"రెండు చేతులూ రెంటి మీద ఉంటే స్టీరింగు ఎవరు పట్టుకోవాలి?"

"ఆ ఒక్క క్షణం దేవుడు పట్టుకుంటాడు," అన్నాడు మేస్త్రీ.

నిజంగానే పట్టుకున్నాడు. పేరేచర్ల రోడ్డు మీద ఒక నెల తిప్పాను. కర్ర లాగి, గేరు వేసి, కర్ర వదిలి, స్టీరింగు మీదికి చెయ్యి తెచ్చేలోపు కారు కాస్త పక్కకు జరిగేది, సరిచేసుకునేవాణ్ణి. చంకలో నరాలు పీకేవి. అయినా నడిపాను. ఖాళీ రోడ్డు మీద నేను మళ్ళీ డ్రైవర్ని. బావకు ఫోను చేసి పెళ్ళి ఒప్పుకోమన్నాను.

వేటపాలెంలో క్రైస్తవుల పెళ్ళి. పొద్దున చర్చిలో పెళ్ళి, తర్వాత జంటను పెళ్ళికొడుకు ఇంటిదాకా ఊరేగింపుగా తీసుకెళ్ళాలి. పెళ్ళికూతురు బళ్ళో టీచరట. ఎండ పెళపెళలాడుతోంది. మేళం ముందు కుర్రాళ్ళు అప్పుడే చొక్కాలు తడిసేలా ఎగురుతున్నారు. మొదటి గేరులో కూడా ఈ కారు మనిషి నడక కంటే వేగంగా వెళ్తుంది. అందుకని కర్రను సగం లాగి పట్టుకుని, వదులుతూ లాగుతూ ఉండాలి. ఖాళీ రోడ్డు మీద ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. చర్చి వీధి దాటేసరికి నా చెయ్యి వణకడం మొదలైంది. అంతకుముందు బ్రేకు మీద కాలు ఊరికే ఆనించి చేసిన పనిని ఇప్పుడు ఒళ్ళంతా పెట్టి చేస్తున్నాను. ఏదో మాడుతున్న వాసన వచ్చింది. జీడిపప్పు కార్ఖానాలో గింజలు వేయిస్తున్నారని జనం అనుకున్నారు. నేను అనుకోలేదు.

చిన్న కల్వర్టు ఎత్తు దగ్గర చెయ్యి పట్టు తప్పింది. కారు ఎగిరి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేసి కర్ర వదిలితే ఇంజను తిరుగుతోంది, కారు కదల్లేదు. బానెట్ సందుల్లోంచి పొగ వచ్చింది. క్లచ్ ప్లేటు పూర్తిగా కాలిపోయింది.

ఎవరూ కోప్పడలేదు. "నెట్టేద్దాం రండ్రా!" అన్నాడొకడు. చుట్టాలు, మేళంవాళ్ళు, కార్ఖానాలో జీడికాయలు కొట్టే ఆడవాళ్ళు అందరూ వచ్చి చేతులు వేశారు. జీడి రసానికి నల్లబడ్డ వేళ్ళు నా కిటికీ మీద ఆనాయి. పెళ్ళికొడుకు కూడా కోటు విప్పేసి దిగి వెనక్కి పోయాడు. కారు కదిలింది. ఇంజను శబ్దం లేదు. ఊరేగింపు ఎప్పటికంటే సరదాగా సాగుతోంది. నేను స్టీరింగు తిప్పుతున్నాను, అంతే.

"అందరూ దిగిపోయారండీ. మనిద్దరమే మిగిలాం," అని వెనక నుంచి వినిపించింది. ఇన్నేళ్ళలో ఒక పెళ్ళికూతురు నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

"మీరు దిగకూడదు గదమ్మా," అన్నాను.

"నాకూ దిగి నెట్టాలని ఉంది. కాళ్ళు తిమ్మిరెక్కినయ్యండీ. మీరు మంచినీళ్ళు తాగుతారా? చెమటలు కారిపోతున్నయ్."

సీటు మీదుగా సీసా అందించింది. చల్లగా ఉన్నాయి. ఆపలేక సీసా మొత్తం తాగేశాను. ఇల్లు ఇంకెంత దూరమండీ అని అడిగింది. నాకు తెలియదన్నాను. నాకూ తెలియదు, మొదటిసారి వస్తున్నా అని నవ్వింది. ఆ నవ్వులో భయం ఉంది. ఇల్లు వచ్చేదాకా ఇద్దరం ఏవో మాటలు చెప్పుకున్నాం. చిన్న మాటలే. అవి నాకెంత ఇష్టంగా ఉన్నాయో చెప్పలేను. ఇల్లు వచ్చింది. పెళ్ళికొడుకు తల్లి తలుపు తీసి కోడల్ని చేయి పట్టి దింపుకుంది. కారు ఖాళీ అయింది.

సీసాడు నీళ్ళు నా కొంప ముంచాయి. ఎంతసేపు ఓర్చుకున్నా లాభం లేకపోయింది. కారు తోలుకుని వెళ్ళిపోయే దారీ లేదు. తలుపు తీసి దిగాను. తొడ మీద చెయ్యి ఆనించుకుని, అంత జనం మధ్యలోంచి, పందిరి పొడవునా నడిచాను. ఏ కళ్ళు మారతాయో చూద్దామని నేనే ఒక్కొక్క ముఖం చూసుకుంటూ వెళ్ళాను. ఒక్కరూ నా వైపు చూడలేదు. అందరి కళ్ళూ కొత్త కోడలి మీదే. ఫొటోలు తీసేవాడు మాత్రం, "అన్నా, కాస్త పక్కకి జరగండి, అడ్డం వస్తన్నారు," అన్నాడు. జరిగాను. పని చూసుకుని తిరిగొచ్చేటప్పుడూ అంతే. ఇన్నేళ్ళు నేను ఎవరి నుంచి దాక్కున్నానో నాకే అర్థం కాలేదు. చూడనందుకు సంతోషించాలి. నాకు సంతోషం కలగలేదు.

కారు దగ్గరికి వెళ్ళాలనిపించలేదు. భోజనాల బంతి చివర కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చున్నాను. వడ్డించే పెద్దాయన మాంసం బకెట్టుతో నా దగ్గరికొచ్చి ఆగాడు.

"మీరెవరి తరఫండీ? అబ్బాయి వాళ్ళా, అమ్మాయి వాళ్ళా?"

మర్యాదకే అడిగాడు. అలా అడిగి, తమవాళ్ళయితే ఇంకో రెండు ముక్కలు వెయ్యడం వాళ్ళకు అలవాటు. డ్రైవర్నండీ అని చెప్పబోయాను, నోటిదాకా వచ్చింది. బయట బావ కారును లారీకి తాడుతో కట్టిస్తూ వేస్తున్న కేకలు వినిపిస్తున్నాయి. వడ్డించే పెద్దాయన గరిటె పైకెత్తి పట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు.

"ఎవరి తరఫూ కాదండీ," అన్నాను. ఆ మాట నేను పైకి అనడం అదే మొదలు.